సీసం కుండలో లేని బిళ్ళ

ముత్యాలయ్య శవం చుట్టూ చేరిన జాలరి పాకలోళ్ళు ఏడవలేదు, ముక్కులు మూసుకున్నారు. కుడి రొండిన కండ ఎముకదాకా కుళ్ళింది. పైన పంచెకు మాడు మచ్చయినా లేదు.

విషమన్నాడు ఎస్సై. పడవ కోసం తమ్ముడే పెట్టాడన్నాడు. ఆ తమ్ముడు పెంచలయ్యకు ఇక ఉరితాడొక్కటే తక్కువ.

ముత్యాలయ్య పోయిన వారానికి, 1964 ఏప్రిల్ 13. ఉదయం 10.20. కృష్ణపట్నం ఒడ్డున ఆయిలు ట్యాంకులు కట్టే కంపెనీ షెడ్డు. ఇన్‌స్పెక్టర్ పద్మనాభయ్య ఎదుట ముగ్గురు. బేడీల్లో పెంచలయ్య, చనిపోయినవాడి పెళ్ళాం కామమ్మ, వెల్డింగు అతుకులకు ఫొటోలు తీసే టెక్నీషియన్ రంగనాయకులు.

"పోయిందేంది?" అని రంగనాయకుల్ని అడిగాడు పద్మనాభయ్య.

"సీసం కుండ సార్. లోపల అతుకుల ఫొటోలకు వాడే ఇరిడియం బిళ్ళ, శనగగింజంత. ఇరిడియం 191కి ఒక్క న్యూట్రాన్ చేరిస్తే 192. అది నిలవలేక గామా కిరణాలు కక్కుతుంది. ఆల్ఫాను కాగితం ఆపుతుంది, బీటాను రేకు ఆపుతుంది. గామాకు సీసమే అడ్డం. కుండ ఈ పెంచలయ్యే ఎత్తుకెళ్ళాడు."

"విషమైతే రొండి ఒక్కటే కుళ్ళదు. మంటైతే ముందు పంచె కాలాలి. బిళ్ళే చంపింది," అన్నాడు పద్మనాభయ్య. "కుండ ఏం చేసినావురా?"

"అన్నే తెచ్చినాడు సామీ, రంగనాయకులుగారు ఇచ్చినారని. మూత తీస్తే వట్టిది. కరిగించి వలకు గుండ్లు పోసి, పళ్ళతో కొరికి తాడుకు బిగించినా."

"అబద్ధం!" అన్నాడు రంగనాయకులు.

"చేతులు చూపించరా."

పదివేళ్ళూ శుభ్రంగా ఉన్నాయి.

"ఈ వేళ్ళతో పోశాడు. గుండ్లను తాడుకు పళ్ళతో కొరికి బిగించాడు. బిళ్ళ కుండలో ఉంటే ముందు వీడి వేళ్ళూ మూతీ కుళ్ళాలి. అంటే కుండ ఇల్లు చేరకముందే దాన్నెవరో తీశారు. ఫిబ్రవరిలో కామమ్మ చెయ్యి పట్టుకుని, రేవులో ముత్యాలయ్య చేత చెప్పుదెబ్బలు తిన్నదెవరు?"

"తిన్నా. అయితే?" రంగనాయకులు కాలు మీద కాలేసుకున్నాడు. "బిళ్ళ ఎక్కడుందో చూపించండి."

కామమ్మకు విసుగొచ్చింది. రొండినుంచి ఇత్తడి ముక్కుపొడి డబ్బీ తీసి, అతని పక్కనే చిటికెడు పీల్చింది.

రంగనాయకులు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పాక్కుంటూ పోయి గోడకు కరుచుకున్నాడు.

కామమ్మ పకపకా నవ్వింది. "ముక్కుపొడికి జడిసే మొగోడివి, నా చెయ్యెట్టా పట్టుకున్నావయ్యా? దెబ్బలు మర్చిపోయినానని మా ఆయనకు నువ్విచ్చిందే గదా! ఆయన పోయిన్నాటి నుంచి నా కాడే ఉండాది."

పద్మనాభయ్య డబ్బీని కింద పెట్టించి, కర్రతో బయటి ఇసకలోకి నెట్టాడు. కంపెనీ ఇంజనీరు దూరంనుంచి, కిరణాలను పసిగట్టే గీగర్ కౌంటర్ చాపాడు. అది టకటకా మొత్తుకుంది. డబ్బీ అడుగున టంకం వేసిన దొంగ అర, బిళ్ళ అందులోనే.

బేడీలు రంగనాయకులు చేతికెక్కాయి.

"ఇంటికి పోదాం రా వదినా," అన్నాడు పెంచలయ్య.

ఆమె కదల్లేదు. చీర కాస్త జరిపి రొండి చూసుకుంది.

"సామీ, రెండ్రోజులుగా ఈడ ఎర్రగా మండతా ఉండాది. తగ్గేదేనా ఇది?"

పద్మనాభయ్య ఇంజనీరు వంక చూశాడు. ఇంజనీరు కౌంటర్ ఆపేసి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.