పరాయి చేతి గుండీ

పొయ్యి మీద కాఫీకి పాలు పెట్టి, ఉతకాల్సిన బట్టలు విడదీస్తుంటే టైలరమ్మ చేతికి మొగుడి గళ్ళ చొక్కా వచ్చింది. అలవాటుగా జేబులు తడిమి బకెట్లో వేయబోతూ ఆగిపోయింది. బొడ్డు దగ్గర గుండీ ఊడిపోయిందని మొన్ననే చూసింది. కుట్టాలనుకుంటూనే మరిచిపోయింది. ఇప్పుడా గుండీ దాని చోట అది బుద్ధిగా కూర్చుని ఉంది!

ఆవిడ కుడితే దారం రెండు నిలువు గీతల్లా పడుతుంది. ఇది అడ్డంగా, ఒకదాని మీదొకటి పడింది. దారం రంగు కూడా కలవలేదు. ఎవరో కుట్టారు. ప్యాంటు తీసి చూస్తే మోకాలి దగ్గర ఎర్ర పోగొకటి అంటుకుని ఉంది. ఈ మధ్య తను ఎర్ర గుడ్డ ముట్టుకోనేలేదు.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆవిడకి పట్టలేదు. వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

"ఊరుకో అమ్మా! ఈ వయసులో నాన్నకి ఎవరుంటారు?" అని నవ్వింది కూతురు.

"వయసుదేముందే? మీ నాన్న గుండీ ఇంకెవరో కుట్టారు. నా కళ్ళు మసకబారాయేమో గానీ కుట్టు గుర్తుపట్టలేనంత గుడ్డిదాన్ని కాలేదు."

అసలీ రోగం ఆయన రిటైర్మెంట్‌తో మొదలైంది. బస్సు దిగి ఇంటికొచ్చిన డ్రైవరుగారు ఆవిడ మిషను వెనకే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆవిడ గుడ్డ కత్తిరిస్తుంటే "కొంచెం ఎడమకి, ఎడమకి" అనేవాడు. ఓ రోజు ఆవిడ ఒళ్ళు మండి, "బస్సు పోయినా డ్రైవింగ్ మానలేదు మీరు. బయటికెళ్ళి ఏదో ఒక వ్యాపకం చూసుకోండి" అని కసిరింది. అప్పటినుంచీ పొద్దున్నే గడ్డం గీసుకుని వెళ్ళడం, భోజనం వేళకి రావడం. అడిగితే పార్కు అంటాడు.

అంతలో డ్రైవరుగారు తల దువ్వుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికండీ?"

"పార్కుకి."

"నిన్నంతా వాన కదా, బెంచీలు తడిసుండవూ?"

"ఆఁ... నిన్న నిలబడే ఉన్నాం."

"ఉన్నామా? ఎవరెవరు?"

డ్రైవరుగారు తేలు కుట్టిన దొంగలా చెప్పులేసుకున్నాడు. ఇన్నేళ్ళు రాత్రి డ్యూటీలకి పంపి కూడా ఏనాడూ అనుమానపడని మనిషి, పగటిపూట పార్కుకి పంపి వణికిపోతోంది. ఈ సంసారమే తనది కాకుండా పోతుందేమోనని భయమేసింది. సగం కుట్టిన గౌను మిషను మీదే వదిలేసి వెనకాలే బయల్దేరింది.

ఆయన పార్కు వంక చూడనైనా చూడకుండా దాటేశాడు. సందు చివర పుస్తకాల కొట్టు పక్కన మెట్లెక్కాడు. ఆవిడ కూడా గోడ పట్టుకుని ఎక్కింది. లోపల ఆడగొంతులు, నవ్వులు. "మెల్లగా! అంత తొందరైతే ఎలాగండీ?" అంటోంది ఒకావిడ. టైలరమ్మ ఇక ఆగలేక తలుపు తోసింది.

గది నిండా కుట్టుమిషన్లు. వాటి ముందు వరసగా ఆడపిల్లలు. వాళ్ళ మధ్య, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, ఎర్ర గుడ్డ మీద వంగి ఆవిడ మొగుడు! భార్యని చూడగానే బ్రేకు తొక్కినట్టు పెడలు బలంగా తొక్కాడు. దారం టప్పున తెగింది.

"ఇంట్లో మిషనుండగా ఇక్కడ నేర్చుకోవడమేంటండీ? నన్నడిగితే నేర్పనా?"

"నువ్వా? మిషను ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నావుగా!"

అన్న మాట నిజమే. ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు.

"గుండీ?"

"నేనే కుట్టాను. బాలేదా?"

"అయినా మీకెందుకండీ ఈ కుట్టుపని?"

డ్రైవరుగారు తెగిన దారం వేలికి చుట్టుకుంటూ తల దించుకున్నాడు. "నేను రిటైరై ఇంటికొచ్చిన రోజు కూడా నువ్వు ఎవరిదో చొక్కా కుడుతూనే ఉన్నావు. సూదిలోకి దారం ఎక్కించలేక కళ్ళు నులుముకుంటుంటే వెనక కూర్చుని చూస్తూనే ఉన్నానే. నాకు రోజంతా ఖాళీ. నీకు పూటైనా లేదు. నా ఖాళీలో సగం నీకిద్దామనుకున్నా."

ఆయన వెనక కూర్చున్నది తన ప్రాణం తోడేయడానికనే అనుకుంది టైలరమ్మ ఇన్నాళ్ళూ. గుమ్మంలోనే చతికిలబడి, అంతమంది ఆడపిల్లల ముందు చిన్నపిల్లలా ఏడ్చింది.

మర్నాడు పొద్దున డ్రైవరుగారు అదే గళ్ళ చొక్కా వేసుకున్నాడు. ఆ గుండీ ఊడదీసి మళ్ళీ కుట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. మిషను ముందునుంచి తనే లేచి కుర్చీ చూపించింది.

"కూర్చోండి. ముందు చూసి నడపండి."

ఆయన కూర్చుని, అలవాటు చొప్పున బస్సులో పైనుండే అద్దం కోసం తలెత్తాడు. అక్కడ సున్నం కొట్టిన గోడే ఉంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆవిడ కాఫీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చి కూర్చుంది. కాఫీ అయిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపల మిషను ఆగుతూ సాగుతూ నడుస్తోంది.

"ఏం చేస్తున్నావే?" లోపల్నుంచి కేక.

"ఏం చేయను? ఉన్న ఒక్క పనీ మీరు లాక్కున్నారు."

"పార్కుకెళ్ళు. బెంచీలు ఆరిపోయుంటాయి."

ఆవిడ నవ్వి చెప్పులేసుకుంది. గేటు దాకా వచ్చేసరికి లోపల దారం తెగి మిషను ఆగింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. "నేను ఎక్కించుకుంటాలే, నువ్వెళ్ళు!" అన్నాడు ఆయన.

టైలరమ్మ గేటు తీసుకుని వీధిలోకి నడిచింది.