ఆరో కాగితం

"నీళ్లకి ఒకటి, వేగానికి తొమ్మిదా? ఈ అంకెలు వేసిన మహానుభావుడు ఎప్పుడైనా ఏటి ఒడ్డుకి వెళ్లాడా?"

తలుపు కూడా కొట్టకుండా వచ్చి, తడి గొడుగు నా ఫైళ్ల మీద పెట్టి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. కొత్తగా చేరిన తనిఖీ అధికారి. మా కంపెనీ సరుకు తయారయ్యే చోటికల్లా వెళ్లి, అక్కడి నీళ్లూ గాలీ మనుషులూ ఎలా ఉన్నారో చూసి రావడం ఆమె పని. ఆమె చూసొచ్చినదాన్ని అంకెల్లోకి మార్చి, ఎవరి దగ్గర కొనాలో తేల్చడం నా పని.

"అది ఉదాహరణ అండీ! ఫారం ఎలా నింపాలో చూపించడానికి."

"ఉదాహరణకైనా సిగ్గుండాలి, తూకం గారూ."

సాయంత్రానికల్లా ఆ పేరు ఆఫీసంతా పాకిపోయింది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. అక్కడే నా కొంప మునిగింది.

ఆ వారం మేం తేల్చాల్సింది ఒక్కటే. బట్టలకు రంగులద్దే పని ఏటి ఒడ్డు కార్ఖానాకివ్వాలా, కొండమీది కార్ఖానాకివ్వాలా. మొదటిది దగ్గర. సరుకు చిటికెలో వచ్చేస్తుంది, మురుగు మాత్రం ఏట్లోకి పోతుంది. రెండోది దూరం, కానీ అక్కడ వాడిన నీళ్లనే శుభ్రం చేసి మళ్లీ వాడతారు.

ఆమెతో కలిపి ఆఫీసులో ఐదుగురం పేర్లు రాయకుండా ఫారాలు నింపి డబ్బాలో వేస్తాం. రెండేసి విషయాలు పక్కపక్కన పెట్టుకుని, ఏది ఎంత ముఖ్యమో అంకె వేయాలి. అందరి జవాబులూ నంబర్లు వేసి గోడకు అంటిస్తాను. అవి చూసుకుని ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అలా మూడు విడతలు. ఒకరి జవాబులు ఒకదానికొకటి పొసగకపోతే కంప్యూటర్ పట్టేస్తుంది. దాన్ని మేం తిరకాసు అంటాం. ఎంత తెలివైన మనిషికైనా ఎంతో కొంత తిరకాసు తప్పదు.

మొదటి విడతకు ముందే మేనేజర్ గారు ఒక మాట చెప్పారు. "కొండమీది వాళ్లు గెలిస్తే మన తనిఖీ అమ్మాయి రెండేళ్లు అక్కడే ఉండాలి."

నా కలం ఆగింది. నీళ్ల కన్నా వేగమే ముఖ్యమని రాసేశాను. నిజాయితీగా అంకెలేయమని పదేళ్లుగా అందరికీ పాఠాలు చెప్పేవాడిని, చేతులారా అబద్ధం రాశాను.

డబ్బా తెరిస్తే ఆరు కాగితాలున్నాయి.

ఆరోది చెమ్మగా ఉంది. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అందులో తిరకాసు సున్నా. నేను అంతవరకూ సున్నా చూడలేదు. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని, దాన్ని లెక్కలోంచి తీసేసి, గోడకు మాత్రం మిగతావాటితో పాటు అంటించాను. ఏటి ఒడ్డు కార్ఖానా వెంట్రుకవాసి తేడాతో ముందుంది.

రెండో విడతకు డబ్బా తాళంచెవి జేబులో వేసుకుని, పొద్దుట్నుంచీ దాని ఎదురుగానే కూర్చున్నాను. ఐదుగురం వేశాం. వేళ్ల మీద లెక్కపెట్టాను. మధ్యాహ్నం ఆమె ముందే తాళం తీశాను.

ఆరు.

ఈసారి ఆరోదాని అంచున నీలం సిరా, చెమ్మకు కాస్త పాకిన అక్షరాలు. "మూడో కాగితం రాసినబ్బాయి అబద్ధమాడుతున్నాడు. నీళ్ల సంగతి అతనికి తెలుసు."

ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఇవి మా పెద్దమ్మ అక్షరాలు. తలకట్టు ఇలాగే సగంలో వదిలేస్తుంది."

"మరి ఆవిడనే అడుగుదాం పదండి."

"మీరీ ఆఫీసుకి రాకముందు నా ఉద్యోగంలో ఉన్నది ఆవిడే. మూడేళ్ల కిందట ఏటి ఒడ్డు కార్ఖానా మురుగు దగ్గర పరీక్షకి నీళ్లు పట్టబోయి కాలు జారింది. మళ్లీ లేవలేదు."

గదిలో ఫ్యాను తిరుగుతున్నా నా వీపు చెమటతో తడిసింది. బయట వాన కూడా ఎవరో వినడానికి ఆపినట్టు ఆగింది.

"మూడో కాగితం ఎవరిది?" అంది ఆమె మెల్లగా.

"నాది."

"ఎందుకు?"

"మీరు వెళ్లిపోతారని. మీరంటే నాకిష్టం. గొడుగు పెట్టిన రోజు నుంచీ."

ఆమె ఆ చెమ్మ కాగితం నా ముందుకు తోసింది. "నన్ను ఇక్కడ ఉంచుకోడానికి ఆ ఏటినే పణంగా పెడతారా? మా పెద్దమ్మను మింగిన ఏరండీ అది!"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మూడో విడతలో ఉన్నదున్నట్టు రాశాను. కొండమీది కార్ఖానా గెలిచింది. ఆమె ప్రయాణం సోమవారం. డబ్బాలో ఈసారి ఐదే కాగితాలున్నాయి. ఆరోది నా అబద్ధం కోసమే వచ్చిందని అర్థమయ్యాక నాకు మరీ భయమేసింది.

"ఈ కాగితాలు అమ్మకి చూపించాలి, ఒక్కదాన్నే వెళ్లలేను, తోడు రండి," అంది ఆమె. అందులో కోపం ఎంతో, చనువు ఎంతో నా తూకానికి అందలేదు.

మేం గంట కొట్టకముందే వాళ్లమ్మ తలుపు తీసింది.

"వచ్చావా బాబూ. నిజం ఒప్పుకున్న అబ్బాయొకడు వస్తాడని అక్క పొద్దున్నే చెప్పింది."

"అమ్మా!" ఆమె నా చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మ పోయి మూడేళ్లయింది!"

"పోతే? మాట్లాడకూడదా?" అని ఆవిడ విసుక్కుంటూ కుర్చీ లాగింది. "కూర్చో బాబూ. అది కాదు, పక్కది. నువ్వు కూర్చోబోయేదాంట్లో అక్క కూర్చుంది."

నేను గభాల్న పక్కకు జరిగాను. ఖాళీ కుర్చీ. దాని చెయ్యి మాత్రం ఇప్పుడే ఎవరో వేళ్లు ఆడించినట్టు సన్నగా కిర్రుమంది.

వాళ్లమ్మ అటు చెవి పెట్టి వింది. "అమ్మాయి కొండమీదకి వెళ్తే రెండేళ్లు ఆగుతావా అని అడుగుతోంది."

ఎవరి వైపు చూసి జవాబు చెప్పాలో తెలియలేదు. నా చెయ్యి ఆమె ఇంకా వదల్లేదు. ఆ ధైర్యంతో ఖాళీ కుర్చీ వైపే తిరిగాను.

"ఆగుతానండీ. ఆగలేకపోతే నేనే కొండెక్కుతాను."

"దేవుడా, పెద్దమ్మ ముందు కూడా జోకులేనా!" అంది ఆమె, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ.

వాళ్లమ్మ మమ్మల్నిద్దర్నీ ఉష్ అని ఆపింది. మళ్లీ వింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

"సరేనంటోంది," అంది.