ఒక్కటే ఫెయిల్

గురువారం ఉదయం ఎనిమిదింటికి శవం కనబడింది.

తిరుత్తణిలో నేతగాళ్ల వీధి చివర ఒక రేకుల షెడ్డు. బయట కంప్యూటర్ కంపెనీ బోర్డు. లోపల ఒక పీసీ, ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటర్, నాలుగు కుర్చీలు. 1987లో ఆ మాత్రం ఉంటే కంపెనీ అనేవాళ్లు.

ప్రింటర్ బల్ల కింద ప్రోగ్రామర్ లోకనాథం పడి ఉన్నాడు. పాతికేళ్ల కుర్రాడు. కుడి అరచేయి నల్లగా కాలింది. పక్కన మూత తీసిన స్టెబిలైజర్. గోడ మీద ఫ్యూజు ఎగిరిపోయి ఉంది.

ఇన్‌స్పెక్టర్ దామోదరం తిరువళ్లూరు నుంచి జీపులో వచ్చాడు. శవాన్ని చూశాడు. కాలిన చేతిని చూశాడు. ఆయనకేమీ అనిపించలేదు.

నాలుగు నెలలుగా అంతే. భార్య సుందరవల్లి పోయినప్పటి నుంచి ఆయన లేస్తున్నాడు, తింటున్నాడు, కేసులు రాస్తున్నాడు. ఏ రోజు ఏ వారమో కానిస్టేబుల్ చెబితే తెలుస్తుంది. "ఎట్లుండారు సార్?" అని ఎవరడిగినా "బాగుండాను" అంటాడు. అడిగినవాళ్లకు కావలసింది కూడా ఆ మాటే. విని తృప్తిగా వెళ్లిపోతారు.

డాక్టర్ వచ్చి చూశాడు. కరెంట్ షాక్. బుధవారం సాయంత్రం ఐదున్నరకూ ఏడింటికీ మధ్య. వీపు మీద కమిలిన గుర్తు ఒకటి. బల్ల అంచు తగిలింది కావచ్చు, ఎవరో తోసి ఉండవచ్చు.

"వాకిట్లో తల్లి ఉండాది సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పచ్చయ్యప్ప.

తిరుమలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కొడుకు రాత్రిళ్లు షెడ్డులోనే పడుకోవడం మామూలేనట, అందుకే వెతకలేదట. తరవాత నేల చూస్తూ ఒకే మాట రెండుసార్లు అంది.

"నిన్న పోవద్దురా అంటి. వాళ్ల నాయిన కూడా పని ముట్టలే. విన్లే వాడు."

దామోదరం తల ఊపాడు. పోగొట్టుకున్న ప్రతి తల్లీ ముందురోజు ఎందుకు ఆపలేకపోయానా అనే అంటుంది. ఆయన ఆ మాటను అక్కడే వదిలేసి లోపలికి వెళ్లాడు. అది ఆయన చేసిన మొదటి తప్పు.

*

షెడ్డులో పనిచేసేది ముగ్గురు. చనిపోయిన లోకనాథం పోగా మిగిలింది ఇద్దరు. వాళ్ల మీద ఓనరు.

విచారణకు కూర్చోగానే కిటికీలు మూయించాల్సి వచ్చింది. పక్కింట్లో మూడు మగ్గాలు టకటకమని ఒకటే మోత. మూసినా గొంతు పెంచితే తప్ప ఎదుటి మనిషికి వినబడదు.

ముందు ఓనరు జగన్నాథన్. ఆరణి వైపు భూములున్న కుటుంబం. మూడు నెలల క్రితమే ఈ షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. తెల్ల చొక్కా, తడి కళ్లు.

"నిన్న ఎన్నింటికి వెళ్లారు?"

"ఆరింటికి సార్. నేనూ దేవకీ ఒకటిగా బయటికొచ్చినాం. లోపల లోకనాథం, రత్నస్వామి ఉండారు. లోకనాథం తలుపు కాడ నిలబడి ఏదో చెప్పినాడు. పక్కింటి మగ్గాల మోతలో వినబడలే. మళ్లీ అడిగితే చెయ్యి ఊపినాడు. అదే కడపటి చూపు."

తరవాత దేవకి. టెస్టులు నడిపే అమ్మాయి. ఆరింటికి ఓనరుతో పాటు బయటికి వచ్చానంది. లోకనాథం తలుపు దగ్గర నిలబడి ఏదో చెప్పాడంది. మగ్గాల మోతలో వినబడలేదంది. మళ్లీ అడిగితే చెయ్యి ఊపాడంది.

మూడోవాడు టెక్నీషియన్ రత్నస్వామి. ఊరు ఆరంబాక్కం. భార్యాపిల్లలు అక్కడే, ఇతను ఇక్కడ ఒక గదిలో ఉంటాడు.

"స్టెబిలైజర్ మూత తీసిందెవరు?"

"నేనే సార్. ఓల్టేజి చూడాలని తీసినాను. మూయకుండా పోయినాను. అది నా తప్పే."

"ఎన్నింటికి పోయావు?"

"ఐదున్నరకు. టీ తాగినాక క్యారియర్ మరిచిపోయినానని వెనక్కొచ్చినాను. ఆరు కావస్తా ఉండింది. గేటు కాడికి రాంగానే లోపల ఓనరూ లోకనాథమూ గొడవ. 'తప్పుండాది, నేను సంతకం పెట్టను' అంటా ఉండినాడు లోకనాథం. పెద్దోళ్ల గొడవ మనకేల అని అట్లే పోయినాను."

"గేటు దగ్గర నుంచి మాటలు విన్నావు?"

"ఆమా సార్."

దామోదరం లేచి కిటికీ తెరిచాడు. మగ్గాల మోత గదిలోకి విరుచుకుపడింది.

"ఈ మోతలో? తలుపు మూసి ఉండగా?"

రత్నస్వామి కిటికీ వైపు చూశాడు. "వినబడింది సార్," అన్నాడు. ఎలా అంటే చెప్పలేకపోయాడు.

ఇద్దరి మాట ఒకటి. ఒకడి మాట వేరు. నలుగురితో నారాయణ అని లోకమే చెబుతుంటే పోలీసులు మాత్రం ఏం చేస్తారు? మూత తీసినవాడు ఇతనే. చివరిదాకా ఉన్నవాడూ ఇతనే అని రెండు సాక్ష్యాలు. పైగా కల్ల చెప్పాడు. దామోదరం అరెస్ట్ రాశాడు. మర్నాడు మధ్యాహ్నం మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పెడితే హత్య కేసు, బెయిలు లేని రిమాండ్.

జీపెక్కేటప్పుడు రత్నస్వామి ఒక్కటే అడిగాడు, ఆరంబాక్కం కబురు పంపుతారా అని. పంపుతామన్నారు.

పచ్చయ్యప్ప మాత్రం ఓనరును ఎగాదిగా చూసి గొణిగాడు: "అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం."

*

ప్రింటర్‌లో కాగితం అలాగే వేలాడుతూ ఉంది. పొడుగ్గా, మడతలు మడతలుగా. వరసగా పాస్, పాస్, పాస్. అడుగున ఒకచోట ఫెయిల్. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా.

ఇదేమిటని దేవకిని అడిగాడు దామోదరం. అడగాలి కాబట్టి అడిగాడు.

పని గురించి అడిగేసరికి ఆ అమ్మాయికి కాస్త ధైర్యం వచ్చింది. వాళ్లు తయారుచేసేది డీబగ్గర్. అసెంబ్లీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి, లోపల ఏ రిజిస్టర్‌లో, అంటే యంత్రం అంకెలు పెట్టుకునే ఏ గడిలో, ఏముందో చూపించే సాధనం. ఎక్కడ ఆపాలో అక్కడి ఆదేశపు ముక్కను, అంటే అసలు బైట్‌ను, తీసేసి 'ఆగు' అనే బైట్ పెడుతుంది. చూడడం అయ్యాక అసలు దాన్ని తిరిగి పెట్టేయాలి. రైలు గేట్లకు సిగ్నల్ పెట్టెలు చేసే ఒక కంపెనీ దీన్ని కొంటోంది. శనివారం డెలివరీ.

"మరి ఈ పాస్, ఫెయిల్?"

"మనిషి కూర్చుని ఒక్కొక్కటీ చూడలేడు సార్. చిన్నచిన్న అసెంబ్లీ ప్రోగ్రాములు చాలా ఉండాయి. అన్నీ వరసగా నడిపే బ్యాచ్ ఫైల్ కొడితే అదే ఒక్కోదాన్నీ డీబగ్గర్‌లో ఏసి, కమాండ్లిచ్చి, వచ్చిన జవాబును ముందే పెట్టుకున్న జవాబుతో పోలుస్తాది. సరిపోతే పాస్."

"ముందే పెట్టుకున్న జవాబు ఎక్కడిది?"

దేవకి కొంచెం తడబడింది. "ఒకసారి డీబగ్గర్‌ను నడిపి, ఏమొస్తే దాన్నే జవాబని దాచిపెడతాం సార్. చేత్తో లెక్కేస్తే నెలలు పడతాది. ఓనర్ సార్ ఇట్లే చేయమన్నారు."

"ఆ మొదటిసారే డీబగ్గర్ తప్పు చెబితే?"

"తప్పూ తప్పూ సరిపోతాది. పాస్ అనే వస్తాది."

"ఈ ఒక్కటి ఎందుకు ఫెయిల్?"

"అది లోకనాథం అన్న చేత్తో లెక్కేసిన జవాబు సార్. లూపులో, అంటే అదే చోటికి తిరిగొచ్చి రెండోసారి ఆగినప్పుడు మా డీబగ్గర్ అసలు బైట్‌ను తిరిగి పెట్టడంలే. టైలరు రవికెలో సూది మరిచిపోయినట్ల. అన్ని పాసుల్లో ఆ ఒక్క ఫెయిలే నిజం అనేవాడు అన్న."

దామోదరం కాగితం చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. ఆ నాలుగు నెలల్లో ఏ మాటా దిగలేదు.

*

శుక్రవారం ఉదయం ఆర్.కె.పేట నుంచి మొదటి బస్సుకు దామోదరం అక్క ధనమ్మ తిరువళ్లూరుకు వచ్చింది. చేతిలో ఇత్తడి క్యారియర్. తమ్ముడి క్వార్టర్స్‌లో పొయ్యి వెలిగిన జాడ లేదు. ఒక చూపు చూసి చీపురు అందుకుంది.

"ఎట్లుండావురా?"

"బాగుండాను అక్కా."

ధనమ్మ వసారా ఊడుస్తూనే అడిగింది. "మొన్న కాకికి ముద్ద పెట్టినావా? సుందరవల్లికి?"

"మొన్న ఏమి?"

చీపురు ఆగింది.

"మొన్న బుధవారం అమావాస్య గదరా," అంది మెల్లగా.

దామోదరం షర్టు గుండీలు పెట్టుకుంటున్నాడు. చేయి సగంలో ఆగింది. భార్య పేరిట పెట్టాల్సిన ముద్ద పెట్టలేదు. అది తెలిసింది. తెలిసినా మొద్దుబారిన చోట గిచ్చినట్టే ఉంది. దాని వెనకే ఇంకొకటి తెలిసింది. అది మాత్రం గట్టిగా తగిలింది.

ఆయన మగ్గం గుంట పక్కన పుట్టినవాడు. చిన్నప్పుడు నెలకొక్క రోజు ఇల్లంతా చెవులు మూసుకుపోయినంత నిశ్శబ్దంగా ఉండేది. ఆ రోజు నాయన గుంటలోకి దిగేవాడు కాదు.

వాళ్ల నాయిన కూడా పని ముట్టలే, అని తిరుమలమ్మ రెండుసార్లు చెప్పింది.

"అన్నం తినిపో," అంది ధనమ్మ. ఆయన అప్పటికే జీపు దగ్గరున్నాడు.

*

పదకొండు గంటలు. అందరూ షెడ్డులో. జగన్నాథన్, దేవకి కుర్చీల్లో. చేతికి బేడీతో రత్నస్వామి తలుపు దగ్గర, పక్కన పచ్చయ్యప్ప. పక్కింటి మగ్గాలు ఎప్పటిలాగే మోగుతున్నాయి.

దామోదరం జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"జగన్నాథన్ గారూ, బుధవారం సాయంత్రం సంగతి మళ్లీ చెప్పండి."

జగన్నాథన్ చెప్పాడు. ఒక్క మాటా మారలేదు. ఏదో చెప్పినాడు. మగ్గాల మోతలో వినబడలే. చెయ్యి ఊపినాడు.

"నువ్వు చెప్పమ్మా."

దేవకి చెప్పింది. అదే.

"రెండూ సరిపోయాయి," అన్నాడు దామోదరం. "పాస్."

పచ్చయ్యప్పకు సైగ చేశాడు. ఆయన వెళ్లి పక్కింటి నుంచి ఒక ముసలాయన్ను తీసుకొచ్చాడు. వెంకటముని. పంచె మీద నూలు పోగులు అంటుకుని ఉన్నాయి.

"ఏమయ్యా, బుధవారం సాయంత్రం మీ మగ్గాలు ఆడినాయా?"

ఆ ప్రశ్న అడిగినవాణ్ని వెంకటముని ఎగాదిగా చూశాడు. "అమావాస్య పూట గుంటలో కాలు ఎవురు పెడతారయ్యా? మాదే కాదు, ఈ వీధిలో ఒక్క మగ్గం ఆడలే."



"మూడు నెలలుగా రోజూ విన్నారు," అన్నాడు దామోదరం ఓనరుతో. "రోజూ వినే చప్పుడు చెవికి పట్టదు. ఆగిపోయినా పట్టదు. మాట నమ్మకంగా ఉండాలని, ఉంటుందనుకున్న చప్పుడును కథలో కలిపారు. నిన్న ఇక్కడ మగ్గాలు మోగుతుంటే మేమూ నమ్మేశాం. ఒక్కరు పొరబడితే పొరబాటు. ఇద్దరూ లేని మోతను ఒకేలా విన్నారంటే, ఒకరి జవాబును ఇంకొకరు ఎత్తి రాశారన్నమాట. మీ టెస్టుల్లాగే."

ఆయన రత్నస్వామి వైపు చూశాడు.

"వీధి అంతా నిశ్శబ్దం. గేటు దగ్గర నిలబడితే లోపలి మాట వినబడింది. ఎందుకు వినబడిందో ఇతనికి తెలియదు. సముద్రం ఒడ్డువాడు, నేతగాళ్ల అమావాస్య ఇతనికేం తెలుసు? విన్నది విన్నట్టు చెప్పాడు. ఇతనొక్కడే ఫెయిల్ అయ్యాడు."

దేవకి ముఖం చేతుల్లో దాచుకుంది. తరవాత ఎవరూ అడగకుండానే చెప్పింది. బుధవారం ఆమె ఐదూ ముప్పావుకే వెళ్లిపోయింది. గురువారం తెల్లవారగానే ఓనరు హాస్టల్‌కు వచ్చాడు. ఏం చెప్పాలో చెప్పి, తిరిగి అప్పజెప్పించుకున్నాడు. చెప్పకపోతే కంపెనీ మూతపడుతుంది, అందరి ఉద్యోగాలూ పోతాయన్నాడు.

"లోకనాథం అన్న చచ్చిపోయిన సంగతి అప్పుడు చెప్పలే సార్. తలుపు తెరిచి నేనే చూసినాను. చూసినాక కూడా అదే చెప్పినాను."

జగన్నాథన్ కాగితం మీది పెన్సిల్ సున్నా మీద వేలు పెట్టాడు.

"డెలివరీ ఆపేద్దామన్నాడు లోకనాథం," అన్నాడు. "ఒక్క ఫెయిల్ కోసరం. తోసినాను. అంతే సార్, తోసినాను. పోయి స్టెబిలైజర్ మింద పడినాడు. లైటు ఆరిపాయ."

"బతికున్నాడేమో చూశారా?"

"చూళ్లేదు."

పక్కింట్లో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

పచ్చయ్యప్ప రత్నస్వామి బేడీ విప్పి జగన్నాథన్‌కు వేశాడు. రత్నస్వామి మణికట్టు రుద్దుకుంటూ దామోదరం వైపు తిరిగాడు.

"నేను నిన్ననే చెప్పినాను గదా సార్. ఎందుకు నమ్మలే?"

"వాళ్లిద్దరూ ఒకటి చెప్పారు. నువ్వొక్కడివే వేరే చెప్పావు."

"వేరే జరిగుంటే వేరే కదా సార్ చెప్పాల?"

దామోదరం తన జీపులోనే అతన్ని బస్టాండుకు పంపి, జగన్నాథన్‌ను పచ్చయ్యప్పతో ఊరి స్టేషన్‌కు పంపి, తను నడిచి బయల్దేరాడు. దారిలో తిరుమలమ్మ ఇంటి ముందు ఆగి, ఆమె మాట ముందే వినవలసిందని చెప్పాడు. ఆమె విందో లేదో తెలియలేదు.

*

క్వార్టర్స్‌కు చేరేసరికి ఎండ వాలింది. ధనమ్మ ఇంకా వెళ్లలేదు. వసారా గడప మీద కూర్చుని ఉంది. పిట్టగోడ మీద అరిటాకు ముక్కలో అన్నం ముద్ద.

"రెండు దినాలు లేటయింది. అయినా వచ్చి తినె," అంది. నిజమే, ముద్ద సగమే మిగిలింది.

ఆయన ఆ సగం ముద్దను చూస్తూ నిలబడ్డాడు. ధనమ్మ తమ్ముడి ముఖం చూసి, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ఎట్లుండావురా?"

నోటి చివర జవాబు తయారుగా ఉంది. నాలుగు నెలలుగా అదే జవాబు. ఎవరడిగినా సరిపోయే జవాబు.

"బాగలేను అక్కా," అన్నాడు దామోదరం.

ధనమ్మ గడప మీద కాస్త పక్కకు జరిగింది. ఆయన బూట్లు విప్పి ఆమె పక్కన కూర్చున్నాడు.