పాత గదిలో పచ్చ తెర

ఆ ఆఫీసు కింది అంతస్తులో పాత గదికి మంచి పేరు లేదు.

అక్కడో పచ్చ తెర ఉంది. దాని ముందు ఎవరూ కూర్చోరు. అయినా రాత్రయితే చాలు... అంకెలు వాటంతటవే నడుస్తాయట. ఎప్పుడో మూతపడ్డ గోడౌన్ నుంచి, పోయినవాళ్ళెవరో పంపుతున్నారని చెప్పుకునేవాళ్ళు.

ఆ రాత్రి కొత్తమ్మాయి అక్కడికే వెళ్ళాల్సొచ్చింది. ఆఫీసు పెద్ద కంప్యూటర్ మిషన్‌కున్న పాత టెర్మినళ్ళ, అంటే దూరపు ఊళ్ళ తెరల, కనెక్షన్లన్నీ తెల్లారేసరికి తీసెయ్యాలి. తియ్యకపోతే తన ఉద్యోగం పర్మనెంటు కాదు. వరస రాత్రి డ్యూటీలతో కళ్ళు మండిపోతున్నాయి.

"అటు ఎవరూ లేరమ్మా, కళ్ళు మూసుకుని పీకెయ్," అన్నాడు అందరూ బాబాయ్ అని పిలిచే షిఫ్టు పెద్ద.

"మీరూ రండి బాబాయ్."

"నాకు మోకాళ్ళ నొప్పులు."

నొప్పి మోకాళ్ళలో కాదని ఇద్దరికీ తెలుసు.

లైను తీసేముందు అవతలివాళ్ళకి ఒక మాట పంపి, కాసేపు ఆగాలి. అది ఆపరేటర్ల పద్ధతి. ఎవరూ లేరని చెప్పినా ఆమెకి మనసొప్పలేదు. పచ్చ తెర ముందు కూర్చుని టైపు చేసింది.

"లైను తీసేస్తున్నాం. ఎవరైనా ఉన్నారా?"

ఏసీ రొద... కర్సరు మిణుకు మిణుకు...

ఇక తీసేద్దామని మీట మీద వేలు పెట్టింది. అప్పుడు — ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కటిగా, తెలుగు మాట.

"తియ్యకండి."

నిద్ర ఎగిరిపోయింది. వెంటనే కొట్టింది, "ఎవరు?"

"గోడౌన్."

"అది మూసేశారు కదా..."

అక్షరాలు వరసగా వచ్చాయి —

"ముందు గేటే మూశారమ్మా. వెనక మందుల చలిగది నడుస్తోంది. రాత్రంతా దాని చల్లదనం అంకెలు పంపేదాన్ని నేనే. చల్లదనం తగ్గితే మీ మిషనే కబురు పెట్టి మెకానిక్‌ని లేపాలి. లైను పోయిందా, మందులన్నీ మట్టిపాలు."

ఆ కిందే ఇంకో మాట.

"ఇన్నేళ్ళలో మీ వైపునుంచి ఒక్క పలుకు లేదు. అటు దెయ్యం ఉందంటారు మావాళ్ళు... నువ్వు మనిషివేనా తల్లీ?"

ఆమెకి నవ్వొచ్చింది. ఎందుకో కళ్ళు చెమర్చాయి కూడా.

"మనిషినే అక్కా. నిద్ర చాలని మనిషిని."

తెల్లారింది. బాబాయ్ గుమ్మం బయటే నిలబడి, లోపలికి తొంగిచూడకుండా అడిగాడు.

"పీకేశావా?"

"లేదు."

"మరి నీ ఉద్యోగం?"

"ఏమో బాబాయ్," అంటూ ఆవలించింది. "అటు దెయ్యం ఇంకా డ్యూటీ దిగలేదు."