నోటుబుక్కులో లేని మాట

కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే సుందరరాజు మాస్టారు నోటుబుక్కు తెరిచారు. తిరువూరులో ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్న మనిషి. సందర్భం చెప్పకుండా ఒక్క మాటా నేర్పరు, అదీ ఆయన పట్టు. ఎడమ పేజీలో సందర్భమూ, ఇంగ్లీషు మాటా ఉంటాయి. కుడి పేజీలో దాని ఇటాలియను, చర్చిలో ఉండే ఇటలీ ఫాదరుగారు పలుకుతుంటే మాస్టారు తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చినది.

వచ్చే గురువారం కూతురు జ్ఞానమణి ఇటలీలో కన్యాస్త్రీల మఠానికి ప్రయాణం. మూడేళ్ళప్పుడు పిల్లకు టైఫాయిడ్ వస్తే, బతికితే దేవుడికే ఇస్తానని మాస్టారు మరియమాత ముందు మొక్కుకున్నారు. బతికింది. పద్దెనిమిదేళ్ళూ వచ్చాయి. నీ ఇష్టమేమిటని అడగాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. విడ్డూరమేమిటంటే, ఆ సంగతి జ్ఞానమణికీ తోచలేదు. నెల కిందట పాస్‌పోర్టు వచ్చిన రోజు నుంచి ఆమెకు ఆకలి లేదు, ఏడుపూ లేదు. ఒళ్ళంతా మొద్దుబారినట్టుంది.

"ఒకామె నీ కాలు తొక్కింది. సారీ అంది. నువ్వేమంటావు?"

"నెవర్ మైండ్."

"ఇటాలియనులో?"

"నొన్ ఫా నియెంతె."

"భేష్. మదరుగారు నిన్ను వేరే ఊరు పొమ్మన్నారు."

"యాజ్ యు విష్. కోమె వుయోలె."

ఒక్క తప్పూ పోలేదు. మాస్టారి మొహం వెలిగిపోయింది. జ్ఞానమణికి మాత్రం ఎవరో పక్కింటి పిల్ల అప్పజెబుతున్నట్టే ఉంది.

గోంగూర ఒలుస్తున్న తల్లి అక్కమ్మ చేతులు ఆగాయి. "ఏవండీ, నెల రోజుల్నుంచీ వింటున్నా. అన్నీ సరేననే మాటలే. వద్దనడానికి ఆ దేశంలో మాటే లేదా?"

"మఠంలో దాంతో పనేముంది?"

"అది మనిషి కాదా? దాన్నెవరన్నా అడిగారా?"

"దేవుడికిచ్చిన మాట తప్పమంటావా?" మాస్టారి గొంతు లేచింది.

"మాటిచ్చింది మీరు. పక్కన నిలబడి తలూపింది నేను. వెళ్ళేది అది."

మాస్టారు నోటుబుక్కు ముందుకు లాక్కున్నారు. కోపమొచ్చినా పంతులు పంతులే. కొత్త పేజీ తిప్పి, 'ఐ డోంట్ వాంట్ టు గో' అని రాశారు. "సరే, ఇదీ నేర్చుకో. ఇటాలియను సాయంత్రం ఫాదరుగారినడిగి రాస్తా. సందర్భం చెప్పు. భోజనాల దగ్గరా? ఆస్పత్రిలోనా?"

జ్ఞానమణి ఆ పేజీ వంక చూసింది. సందర్భం రాసేచోటు ఖాళీగా ఉంది.

"ఇక్కడే నాన్నా. ఇప్పుడు. మీతో."

ఆ గొంతు తనదేనని ఆమెకు ఒక్క క్షణం ఆగి గాని తెలియలేదు. మాస్టారు కలం పక్కన పెట్టారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు, కళ్ళు కూడా తుడుచుకున్నారు.

"ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలందరినీ ప్రశ్నలడిగాను. నిన్నడగాల్సింది మాత్రం అడగలేదు తల్లీ," అన్నారు. "ఫాదరుగారికి నేను చెప్పుకుంటా. మొక్కింది నేను. దేవుడి ముందు దోసిలొగ్గేదీ నేనే."

ఆయన నోటుబుక్కు మూసి, చొక్కా వేసుకుని చర్చి వైపు నడిచారు. గేటు దాకా జ్ఞానమణి చూస్తూనే ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు, నెలరోజులదీ ఒక్కసారే. అక్కమ్మ ఆకులు పక్కకు నెట్టి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

చాలాసేపటికి జ్ఞానమణి తలెత్తి, "అమ్మా, చద్దన్నం ఉందా? ఆకలేస్తోంది," అంది.