పాత బురుజు పహరా

వావళగడ్ కోటలో కాపలా మారేటప్పుడు ప్రతి బురుజు దగ్గరా ఒకటే మాట వినిపించేది. దిగేవాడు "వచ్చావా?" అని అడగాలి. ఎక్కేవాడు "వచ్చాను, నువ్వెళ్లు" అనాలి. ఆ మాట పడేదాకా పిడుగు పడ్డా కదలకూడదు.

నేను ఆ కోటకు కోడలిగా వచ్చిన కొత్తలోనే మా అత్త నా చెవిలో ఊదింది.

"పాత బురుజు దగ్గర ఎవరైనా వచ్చావా అని అడిగితే నోరు మెదపకే, సగుణా. అక్కడ అడిగేవాడికి ఒళ్లు లేదు."

మహారాజు కాలంలో కోట కడుతుంటే ఆ బురుజు ఎన్నిసార్లు కట్టినా కూలిపోయిందట. చివరికి ఒక పహరావాణ్ణి లోపల నిలబెట్టి చుట్టూ రాళ్లు పేర్చారట. "ఇంకొకణ్ణి పంపిస్తాం, అందాకా నిలబడు" అన్నారట. ఎవరినీ పంపలేదు. నేను విని నవ్వాను. కొత్త కోడళ్లను బెదిరించడానికి అత్తలకు ఏదో ఒకటి కావాలి కదా!

ఆమె పోయింది. కొన్నేళ్లకు రాజ్యమూ పోయింది. ఒకప్పుడు ఢిల్లీ దాకా గుర్రాలు తోలిన వాళ్లం, ఆ ఏడు పీష్వాయే ఊరూరా పారిపోతున్నాడని కబురు. మేం మాత్రం కొండ మీద చిక్కుకుపోయాం. దిగడానికి ఉన్నది ఒక్క దారి. దాని మొదట్లో కుంఫిణీ తెల్లవాళ్ల ఫిరంగులు. నీళ్ల తొట్టి మీద గుండు పడి పగిలింది. నేను కడుపుతో ఉన్నాను.

చివరికి కోట పెద్ద కిల్లేదారు లొంగిపోయాడు. తెల్లారి ఆయుధాలు వదిలేసి, ప్రాణాలతో దిగిపోవచ్చు. అందాకా ఫిరంగులు మాత్రం ఆగవు. ఆ ఒక్క రాత్రీ గడిస్తే నేనూ, నా మొగుడూ, కడుపులో బిడ్డా బతికి బయటపడతాం. కానీ మిగతా బురుజులు కూలిపోవడంతో మా ఆయనకు పాత బురుజు కాపలా వేశారు.

"ఇవాళ వద్దని చెప్పరాదూ?" అన్నాను.

"ఎందుకే? ఆ గోడలోవాడితో కాసేపు కబుర్లు చెప్పుకుంటా. నువ్వెలాగూ రొట్టె మాడిన రోజు నాతో మాట్లాడవు" అని నవ్వి, గొంగళి కప్పుకుని వెళ్లాడు.

దీపాల వేళకు రాగిపిండి భాకరీ రొట్టెలు మూట కట్టుకుని వెళ్లాను. అంతటా మందుగుండు వాసన. దాని కింద మరో వాసన... తడిసిన పాత సున్నం. ఆయన గోడకు వీపు ఆనించి నిలబడే కునుకు తీస్తున్నాడు. ఫిరంగుల మోతకు ఎన్నాళ్లనుంచో నిద్ర లేదు పాపం. లేపబుద్ధి కాలేదు.

గోడ లోపలి నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"వచ్చావా?"

ఆయన కళ్లు కూడా తెరవలేదు. ఏళ్ల అలవాటు. నిద్రలోనే నోరు పలికింది.

"వచ్చాను, నువ్వెళ్లు."

అప్పుడు కళ్లు తెరిచాడు. నన్ను చూశాడు.

"సగుణా... నేనేమన్నాను?"

గుండు పడింది. దీపం ఆరిపోయింది. నోటినిండా దుమ్ము. ఏమీ కనబడలేదు. మొగుడి పేరు నోట పలకడం మా ఆడవాళ్లకు తప్పు. అందుకని అందరిలాగే పిలిచాను.

"ఏమయ్యో! వచ్చెయ్! వచ్చెయ్!"

చీకట్లోంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది. గొంగళి ఆయనదే. బతికున్నాడు, అదే చాలనుకున్నాను.

తెల్లారి అందరితో పాటు దిగుతున్నాం. మేం కోట తలుపు దాటాక పైన కుంఫిణీ జెండా లేచింది. ఆయన ఆగిపోయాడు.

"అది ఎవరి జెండా?"

"ఎవరిదైతేనేం? నడువయ్యా."

"మహారాజు రాయగడ్‌లోనే ఉన్నారా?"

మహారాజు పోయింది మా తాతల తాతల నాడు! గొంగళి లాగి చూశాను. ముఖం ఆయనదే. గడ్డం మీది పుట్టుమచ్చా ఆయనదే. కనురెప్పల మీద మాత్రం తెల్లగా సున్నం.

తప్పో ఒప్పో... మొదటిసారి పేరు పెట్టి అరిచాను.

"సట్వాజీ!"

నా పక్కనున్నవాడు ఇటు తిరగలేదు. పైన, పాత బురుజులోంచి జవాబు వచ్చింది.

"ఓ... సగుణా..."

వెనక్కి పరుగెత్తబోయాను. కుంఫిణీ సిపాయిలు తలుపు మూసేశారు. ఆ చల్లటి చెయ్యి నన్ను మళ్లీ పట్టుకుంది.

"నువ్వెందుకు? అక్కడ పహరాకు మనిషున్నాడు" అన్నాడు.

తర్వాత కుంఫిణీ వాళ్లు మందుగుండు పెట్టి కొండ మెట్లన్నీ పేల్చేశారు. ఇక పైకి దారి లేదు. కొండ కింది పల్లెలోనే గుడిసె వేసుకున్నాం. అక్కడే పిల్ల పుట్టింది. పారిపోదామని బయల్దేరిన ప్రతిసారీ పొలిమేరలో అతనే ఎదురయ్యాడు. పల్లెత్తు మాట అనడు. దున్నుతాడు, వండింది తింటాడు. రాత్రి గోడకు వీపు ఆనించి నిలబడే నిద్రపోతాడు. ఊరివాళ్ల లెక్కలో నా మొగుడు ఎంత మంచివాడో!

రోజూ పొద్దు వాలగానే గాలి తగ్గి కొండ మీంచి గొంతు వినిపిస్తుంది. నా సట్వాజీ గొంతు.

"వచ్చావా?"

నేను పిల్ల చెవులు మూస్తాను. దానికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి.

నిన్న ఏటి నుంచి నీళ్లు తెచ్చేసరికి అతను పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నాడు.

"ఏదీ, చెప్పు తల్లీ."

"వచ్చాను" అంది పిల్ల, ముద్దుగా.

"భేష్! ఇంకో మాట రేపు నేర్చుకుందాం."

అది ఆ రెండో మాట కూడా పలికితే నా మొగుడు ఇంటికొస్తాడు, ఆ రాళ్లలో పిల్ల నిలబడుతుంది. పలకనీ అనిపించింది... ఒక్క క్షణం. తల్లినేనా నేను?

రాత్రంతా పిల్లను కరుచుకుని పడుకున్నాను. పొద్దున ముఖం కడుగుతుంటే దాని కనురెప్పల మీద తెల్లగా ఏదో ఉంది. ఎంత కడిగినా పోవడం లేదు.