మూడో తాళంచెవి

ఆమె భయమల్లా ఒక్కటే. భర్త మళ్ళీ ఎప్పుడైనా బండెక్కి, కూతురిని ముందు కూర్చోబెట్టుకుని నడుపుతుండగా ఫిట్స్ వస్తాయేమోనని. మిగతా భయాలన్నీ దాని తర్వాతే.

ఆ ఉదయం మామూలుగానే తెల్లవారింది. కూతురు ఒక చెప్పు మంచం కిందే వదిలేసి ఇంటినిండా గెంతుతోంది. ఆయన గడప దగ్గర కూర్చుని ఆకురాయితో తాళంచెవి పళ్ళు అరగదీస్తున్నాడు. ఎవరింటి తాళంచెవి పోయినా ఆయన్నే పిలుస్తారు. కిందటేడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. డాక్టరు మాత్రలు రాసి ఇచ్చాడు, నెల తర్వాత మళ్ళీ వెళ్తే బండి అసలు ముట్టుకోవద్దన్నాడు. పాత బండి అమ్మేశారు. అప్పటినుంచి పనిముట్ల సంచి భుజాన వేసుకుని నడిచే తిరుగుతున్నాడు. దూరం పనులు చేజారిపోతున్నాయి.

అందుకే ఆమే బండి నేర్చుకుంది. ఏడో తరగతితో చదువాగిపోయిన మనిషి. రోడ్డు గుర్తుల పుస్తకాన్ని కూతురితో కలిసి బొమ్మల పుస్తకంలా చదివింది. పరీక్షలో ఎనిమిది ఆకారపు గీతల మధ్య బండి తిప్పుతూ మొదటిసారి కాలు కింద పెట్టేసింది. రెండోసారి ఎలాగో గట్టెక్కింది. లైసెన్సు నిన్ననే చేతికొచ్చింది.

"పదవే డ్రైవరమ్మా, బండి చూసొద్దాం. వెనకాల కూర్చుంటే నాకేమైనా టికెట్టా?"

"నోరు మూసుక్కూర్చుంటే ఊరికే. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాలేవే. పొద్దున లేస్తే ఇదే పాట!"

షోరూంలో కుర్రాడు ఆమెకేసి చూడనైనా లేదు. వివరాలన్నీ ఆయనకే చెప్పాడు. ఆయన నేరుగా ఎత్తయిన బండి దగ్గరికి వెళ్ళి ట్యాంకు నిమిరాడు. ఆమె ఎక్కి చూసింది. కాలివేళ్ళు మాత్రమే నేలకు తగిలాయి. బండి కాస్త ఒరిగేసరికి చటుక్కున దిగేసింది. పక్కనున్న చిన్న బండెక్కితే రెండు పాదాలూ నిండుగా ఆనాయి.

"ఇది చాలండీ."

"అది బొమ్మబండే! దానిమీద వెళ్తే వీధంతా నవ్వుతుంది."

"నవ్వనివ్వండి. నడిపేది నేనేగా?"

"ఎల్లకాలం నువ్వే నడుపుతావేంటి?"

ఆమె బదులు చెప్పేలోపే కూతురు చిన్న బండి మీదికి పాకింది. హ్యాండిల్ పట్టుకుని, గొంతు బొంగురు చేసి అచ్చం తండ్రిలా అంది: "గట్టిగా పట్టుకో పిచ్చుకా! నాన్నకి నిద్ర రాదులే, ఇవాళ మాత్ర వేసుకోలేదుగా!"

ఆమె పిల్ల దగ్గరికి వంగింది. "ఎవరే అలా అన్నది?"

"నాన్న. పక్కింటి మావయ్య బండి మీద బడికి వెళ్తాంగా, అప్పుడు. నీకు చెప్పొద్దన్నాడు." పిల్ల నాలుక కరుచుకుంది.

పిల్లని చంకనేసుకుని, ఆయన చెయ్యి పట్టి బయటి మెట్ల దాకా లాక్కొచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి సాగుతోందీ భాగోతం?"

"వాన పడ్డప్పుడేనే. పిల్ల తడిసిపోతుందని..."

"మాత్ర మానేసి మరీనా? ఫిట్స్ రాకుండా ఆపేదే ఆ మాత్ర కదండీ!"

"వేసుకుంటే తూగొస్తుంది. మాత్రలు మొదలెట్టిన కొత్తలో బండి మీద ఆవలించానని నువ్వెంత గోల చేశావ్? ‘కునుకు పట్టిందంటే పిల్లని చంపేస్తారు’ అన్నావ్. పిల్ల ఎక్కినప్పుడు నిద్ర రాకూడదనే మానేశా. జాగ్రత్త పడ్డానే!"

మొండితనమనుకుంటే తిట్టేది. ఇది మొండితనం కాదు. తను అన్న మాటే ఆయన ఇన్నాళ్ళూ పొల్లుపోకుండా పాటించాడు.

"ఇవాళ?" అని మెల్లగా అడిగింది.

ఆయన తల దించుకుని జేబులోంచి మాత్ర తీశాడు. "ఒక్క రౌండు నడిపి చూడనిస్తారేమోనని..." అంటూనే నీళ్ళడిగి ఆమె ఎదుటే మింగాడు. మింగాక మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "సంచి మోయడం కష్టం కాదే. పిల్ల ‘నాన్నా, మన బండేది’ అని అడుగుతుంటే తట్టుకోలేకపోయా."

ఆమె పక్కనే కూర్చుంది. బండి కొన్నాక దాని తాళంచెవి దాచేద్దామా అనుకుంది. తాళంచెవులు చేసే మనిషి దగ్గర దాచి ఏం లాభం? తన కళ్ళ ముందు లేనప్పుడు మాత్ర మింగాడో లేదో ఎలా తెలుస్తుంది? తన చేతుల్లో ఏమీ లేదు. ఉన్నదల్లా ఆయన మాట.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి తూగు సంగతి దాచకుండా చెప్పారు. డాక్టరు మందు మార్చాడు.

చిన్న బండే కొన్నారు. షోరూం కుర్రాడు రెండు తాళంచెవులిస్తే ఆయన రెండూ ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"మూడోది చెయ్యనే. పిచ్చుక మీద ఒట్టు."

పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని వెనకెక్కాడు. మొదటి మలుపులో బెదిరి మలుపుకు ఎదురుపక్కకు ఒరిగాడు, బండి తూలింది. "నాతోపాటే ఒరగండి," అందామె. రెండో మలుపులో ముగ్గురూ ఒకే వైపు ఒరిగారు.

భయం పోలేదు. ఇప్పటికీ పొద్దున్నే అడుగుతుంది, గొంతు మాత్రం తగ్గించింది. మీ ఇంట్లోనూ రోజూ మాత్ర వేసుకోవాల్సిన మనిషి ఉంటే, ఇది చదివాక లేచి వెళ్ళి ఒక్కసారి కనుక్కోండి. వేసుకున్నారా అనే కాదు, వేసుకుంటే ఎలా ఉంటోందనీ అడగండి. కోప్పడకుండా అడగండి.